పట్టాలు వేసే ముందు ఆ ఖాళీ లేన్‌లో బస్సు నడిపి చూడండి

విశాఖపట్నం మెట్రో, ట్రామ్ ప్రణాళికలు చూస్తున్న అధికారులకు, మహా విశాఖ నగరపాలక సంస్థ వారికి, నమస్కారం.

మాది పెందుర్తి దగ్గర సుజాతనగర్. పోయిన నెల ఒక ఆదివారం మా కాలనీ సంఘం వాళ్లు ఇంటింటికీ తిరిగి సంతకాలు తీసుకున్నారు. కాగితం మీద కోరిక ఒక్కటే. మెట్రో ఎన్‌ఏడీ కొత్త రోడ్డు కూడలి మీదుగా పోతోంది కాబట్టి అక్కణ్ణుంచి పెందుర్తి దాకా ట్రామ్ పొడిగించాలి, పడమటి శివారుని వదిలేయకూడదు అని. నాకంటే ముందు ముప్పైకి పైగా సంతకాలు పడ్డాయి. మా బావగారిది మూడోది. నేను పెన్ను మూత తీసి మళ్లీ పెట్టేశాను. "కొంచెం ఆలోచించి చెప్తానండీ" అన్నాను. ఊరికి ట్రామ్ వస్తానంటే ఆలోచించే మనిషిని అప్పుడే చూస్తున్నట్టు చూశారు నన్ను.

నేను వద్దనలేదు. పదిహేడేళ్లుగా వారానికి ఆరు రోజులు పెందుర్తిలో బస్సెక్కి ఆర్టీసీ బస్టాండైన కాంప్లెక్స్‌లో దిగి, డాబాగార్డెన్స్‌లో ఒక కొట్లో లెక్కలు రాసి, రాత్రికి అదే దారిన ఇంటికొచ్చే మనిషిని. ఈ రోడ్డు మీద ఏది కొత్తగా వచ్చినా ముందు ఎక్కేది నాలాంటి వాళ్లమే. అందుకే సంతకం పెట్టే ముందు మిమ్మల్ని కొన్ని అడగాలనిపించింది. కాలనీ కాగితంలో అంత చోటు లేదు.

2020 ప్రాంతంలో వేసిన ప్రణాళికలో విశాఖకి 79.91 కిలోమీటర్ల లైట్ మెట్రో, దానికి తోడు 60.2 కిలోమీటర్ల ట్రామ్ ఉన్నాయి. ఆ ట్రామ్ దారుల్లో ఎన్‌ఏడీ నుంచి పెందుర్తికి వచ్చేది ఒకటి. అప్పుడు పేపర్లో పటం చూసి మా వీధిలో స్థలాల రేట్లు పెంచేశారు. తర్వాత లెక్కలు మారాయి. 2024 చివర్లో రాష్ట్ర ప్రభుత్వం ఒప్పుకున్న మొదటి దశలో 46.23 కిలోమీటర్ల మెట్రో, 42 స్టేషన్లు, 11,498 కోట్ల ఖర్చు ఉన్నాయి. స్టీల్ ప్లాంట్ గేటు నుంచి కొమ్మాది దాకా పెద్ద లైను, గురుద్వారా నుంచి పాత పోస్టాఫీసుకి ఒకటి, తాటిచెట్లపాలెం నుంచి చినవాల్తేరుకి ఒకటి. రెండో దశ కొమ్మాది నుంచి భోగాపురం ఎయిర్‌పోర్టు వైపు. వీటిలో గోపాలపట్నం లేదు, వేపగుంట లేదు, పెందుర్తి లేదు. మా వాళ్ల బాధ అక్కడ మొదలైంది. ఎయిర్‌పోర్టుకి పోయేవాళ్లకి రైలు, రోజూ పనికి పోయేవాళ్లకి ఏమీ లేదా అని. ఆ బాధలో న్యాయముంది, కాదనను.

కానీ ఎన్‌ఏడీ దాటి మా వైపు వస్తుంటే రోడ్డు మధ్యలో ఒక వింత కనిపిస్తుంది. మీరు కారు అద్దాల్లోంచి చూసే ఉంటారు. అటూ ఇటూ గట్లు కట్టి, రెయిలింగ్ వేసి, మధ్యలో ఒక దారి. అది బస్సుల కోసం కట్టింది. ఈ రోడ్డుని ఇప్పటికీ అందరూ బీఆర్‌టీఎస్ రోడ్డు అనే అంటారు. షాపుల బోర్డుల మీద, పెళ్లి శుభలేఖల మీద కూడా అదే అడ్రసు. ఆ అక్షరాలంటే బస్ రాపిడ్ ట్రాన్సిట్ సిస్టమ్, అంటే బస్సుకి విడిగా ఇచ్చిన దారి. వాటిలో బస్సు ఉందని మా చిన్నవాడికి నేను చెప్పేదాకా తెలియదు.

జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం అని నగరాలకి కేంద్రం డబ్బిచ్చిన పథకం రోజుల్లో, అంటే ఇప్పటికి దాదాపు ఇరవై ఏళ్ల కిందట, సుమారు 450 కోట్లతో రెండు బస్సు దారులు తలపెట్టారు. ఒకటి కాంప్లెక్స్ నుంచి కంచరపాలెం, ఎన్‌ఏడీ, గోపాలపట్నం, వేపగుంట మీదుగా పెందుర్తికి. రెండోది హనుమంతవాక, అడవివరం, సింహాచలం చుట్టి రావాల్సింది. ఆ రెండోది దేవస్థానం భూముల చిక్కులో పడి ఏళ్ల తరబడి నలిగింది. మొదటిది రోడ్డయితే వచ్చింది గానీ మధ్య లేన్‌లో బస్సు ఒక రోజువారీ అలవాటుగా ఎప్పుడూ నిలబడలేదు. ఇళ్లు, కొట్లు కోల్పోయి రోడ్డు వెడల్పు చేయించుకున్నది మేం. వెడల్పయిన చోట మా బస్సు ఇవాళ్టికీ ఎడమ పక్కన, ఆటోల వెనకాల, కూరగాయల బండ్ల పక్కన ఆగుతోంది. మధ్య దారిలో బైకులు దూరుతాయి, ఎదురు కూడా వస్తాయి. రాత్రిపూట ఆ గట్లకి గుద్దుకుని దెబ్బలు తగిలిన సంగతులు పేపర్లో పడుతూనే ఉంటాయి. ఇప్పుడు ఆ గట్లు తీసేసి మొత్తం ఒకే రోడ్డు చేసేయాలని అడిగేవాళ్లు కూడా తయారయ్యారు.

ఇప్పుడు పట్టాలు వేస్తే ఎక్కడ వేస్తారు? వేసేది ఆ మధ్య దారిలోనే కదా. ట్రామ్‌కి కావలసినది ఎవరూ అడ్డం రాని సొంత దారి. అది మా దగ్గర ఇప్పటికే ఉంది. ఆ దారిలో బస్సుని సరిగ్గా నడపలేకపోయిన చోట ట్రామ్ ఏ ధైర్యంతో నడుస్తుంది? పోలీసు, ట్రాఫిక్, రోడ్ల విభాగం, బస్సుల వాళ్లు, నగరపాలక సంస్థ అప్పుడు ఒక మాట మీదికి రాలేకపోయారు. పట్టాలు పడగానే వస్తారా?

ఈ మాట బావగారితో అన్నాను. ఆయన రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి. రైలంటే ఆయనకి ఉద్యోగం కన్నా ఎక్కువ.

"అమ్మా, నువ్వు చెప్పిందే నా వాదన కూడా. బస్సు లేన్ ఎందుకు చచ్చిందంటే అందులో పట్టా లేదు కాబట్టి. లేన్ అన్నది గీత మాత్రమే. గీత చెరిపేయడానికి ఒక ఆర్డరు చాలు. పట్టా వేసి, పైన కరెంటు తీగ లాగి, డిపో కట్టి, అప్పు తెచ్చాక ఎవడూ వెనక్కి పోలేడు. బస్సు సాయంత్రం ఉంటుంది, రేపు షెడ్యూలులో తీసేస్తారు. ట్రామ్ తీసేయమను చూద్దాం."

నిజం చెప్పాలంటే ఆ రాత్రి నా దగ్గర జవాబు లేదు. ఆయన చెప్పింది మా రోడ్డు మీద అక్షరాలా జరిగింది. విజయవాడలో సత్యనారాయణపురం వైపు కూడా బీఆర్‌టీఎస్ రోడ్డనే పేరే మిగిలింది. ఢిల్లీలో 2008లో మొదలుపెట్టిన బస్సు దారిని 2016లో పగలగొట్టేశారు. కార్ల వాళ్లకి కోపం వస్తే బస్సు లేన్ నిలవదు. అది మన దేశంలో మళ్లీ మళ్లీ చూసిన సంగతి.

మర్నాడు బస్సులో కూర్చున్నాక కలకత్తా గుర్తొచ్చింది. అక్కడ 1873లోనే ట్రామ్ ఉంది. గుర్రాలు లాగేవి, తర్వాత కరెంటొచ్చింది. నూట యాభై ఏళ్ల పట్టాలు. బావగారి లెక్క ప్రకారం ఎవరూ కదపలేనివి. రోడ్డు మధ్య ట్రామ్‌కి విడిగా ఉన్న దారిని చాలా చోట్ల కార్లకి కలిపేశారు, ట్రామ్ కార్ల మధ్య ఇరుక్కుంది, మెల్లగా నడిచింది, జనం దిగిపోయారు, జనం లేరని రూట్లు మూశారు. 2024లో అక్కడి ప్రభుత్వం మైదాన్ దగ్గర ఒక ముక్క గుర్తుగా ఉంచి మిగతాది ఆపేస్తామంది. మద్రాసు ట్రామ్ 1895లో మొదలై 1953లో పోయింది. బొంబాయిది 1964లో. పట్టా ఉంటే పోదన్నది నిజం కాదు. సొంత దారి పోయిన రోజున పట్టా కూడా పోతుంది. ఇది చెప్తే బావగారు "అది పాత సామాను, ఇప్పటివి వేరు" అన్నారు. ఆ వాదం ఇంకా తెగలేదు. ఆదివారం ఆదివారం నడుస్తూనే ఉంది.

కొత్తవి కూడా చూద్దాం. మా పెద్దమ్మ మనవడు మెల్‌బోర్న్ తూర్పు శివారులో ఉంటాడు. అక్కడ మనవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఆ ఊరి సంగతులు పెందుర్తిలో కూడా తెలుస్తుంటాయి. ట్రామ్ ఊరంటే ఆ ఊరే. దాదాపు 250 కిలోమీటర్ల పట్టాలు, ప్రపంచంలో అంత పెద్దది ఇంకోటి లేదు. కానీ అందులో నాలుగింట మూడు వంతులు కార్లతో కలిసి పోయే దారి. అందుకని సగటు వేగం గంటకి 16 కిలోమీటర్ల దగ్గరే. మా బస్సు కూడా ఇంచుమించు అంతే పోతుంది! 2005లో అక్కడ 75 నంబరు ట్రామ్‌ని వెర్మాంట్ సౌత్ అనే శివారు దాకా 3 కిలోమీటర్లు పొడిగించారు. హైవే మధ్యలో సొంత దారి ఇచ్చారు. అది బాగానే పోతుంది. ఇంకా అవతల నాక్స్ అనే పెద్ద బజారు ఉంది. అక్కడి దాకా కూడా ట్రామ్ రావాలని జనం అడిగారు. వచ్చింది బస్సు. ట్రామ్ ఆగిన చోట ఎక్కి అక్కడికి పోవడానికి బస్సు పెట్టారు. ట్రామ్ ఇప్పటికీ అక్కడే ఆగుతోంది.

అంటే మూడు కిలోమీటర్ల పొడిగింపు వల్ల మంచి జరిగిందా అంటే, ఆ మూడు కిలోమీటర్ల పక్కన ఉన్నవాళ్లకి జరిగింది. దాని అవతల ఉన్నవాళ్లకి ఒక చోట దిగి ఇంకోటి ఎక్కే పని పెరిగింది. మా పెందుర్తి గొడవంతా ఈ దిగి ఎక్కడంలోనే ఉంది.

ఇవాళ నేను ఒక బస్సెక్కితే కాంప్లెక్స్‌లో దిగుతాను. సీటు దొరికితే కూర్చుని, కళ్లు మూసుకుని, కొన్నిసార్లు బఠాణీలు వలుచుకుంటూ పోతాను. ట్రామ్ వస్తే పెందుర్తిలో ఎక్కి ఎన్‌ఏడీలో దిగాలి. మెట్రో పైన ఉంటుంది, ట్రామ్ కింద ఉంటుంది. అక్కడ ఇప్పటికే ఫ్లైఓవర్ గుండ్రంగా తిరుగుతోంది. దాని కింద, పక్కన, పైన అన్నీ సర్దుకుంటూ నడిచి, మెట్లెక్కి, బ్యాగు స్కానర్‌లో పెట్టి, మళ్లీ ఎక్కాలి. లెక్క వేసి చూడండి. ఎన్‌ఏడీ నుంచి పెందుర్తికి సుమారు 10 కిలోమీటర్లు. బస్సు గంటకి 20 కిలోమీటర్ల వేగంతో పోతే అరగంట. ట్రామ్ 30తో పోతే ఇరవై నిమిషాలు. పది నిమిషాలు మిగిలాయి. ఎన్‌ఏడీలో దిగి, పైకెక్కి, మెట్రో కోసం ఆగేసరికి ఆ పది నిమిషాలు ఖర్చయిపోతాయి. మోకాళ్ల నొప్పులున్న వాళ్లకి పదిహేను. మెట్రో లోపల వేగం కలిసొస్తుంది, ఒప్పుకుంటాను. కానీ గోపాలపట్నం నుంచి కంచరపాలెం పోయేవాళ్లకి, వేపగుంట నుంచి రైల్వే స్టేషన్‌కి పోయేవాళ్లకి కలిసొచ్చేది ఏముంది?

ట్రామ్ వచ్చాక కాంప్లెక్స్‌కి నేరుగా పోయే బస్సులు ఉంటాయా తీసేస్తారా? ఇది మీరు ముందే రాసి చెప్పాలి. రైలు వచ్చిన చోట దానికి జనం రావాలని అదే దారిలో బస్సులు తగ్గించడం మామూలే. మాలో సగం మంది ఆడవాళ్లం. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద సిటీ బస్సులో ఆధార్ చూపించి డబ్బు కట్టకుండా పోతున్నాం. కొట్లలో, ఇళ్లలో, ఆస్పత్రుల్లో పనిచేసే వాళ్లకి నెలకి మిగిలే ఆ డబ్బు చిన్నది కాదు. ట్రామ్‌లో అది ఉంటుందా? హైదరాబాద్‌లో 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ బస్సు ఆడవాళ్లకి ఫ్రీ, మెట్రోకి మాత్రం టికెట్ ఉంది. ఇక్కడా అంతే అయితే మా కాలనీ ఆడవాళ్లు ట్రామ్‌ని కిటికీలోంచి చూస్తూ బస్సులోనే పోతారు. ఆ బస్సే లేకపోతే టికెట్ కొంటారు. అప్పుడు దాన్ని రవాణా బాగుపడటం అనకండి.

డబ్బు సంగతి నాకు అర్థమైనంత వరకు చెప్తాను, లెక్కలు రాసే మనిషిని కదా. మెట్రో మొదటి దశ కిలోమీటరుకి దాదాపు 250 కోట్లు పడుతోంది. నేల మీద పోయే ట్రామ్‌కి అంత కాదు. అయినా పట్టా కింద ఉన్న మంచినీళ్ల గొట్టాలు, డ్రైనేజీ, కేబుళ్లు అన్నీ పక్కకి జరపాలి, లేకపోతే గొట్టం పగిలిన ప్రతిసారీ ట్రామ్ ఆపి తవ్వాలి. తవ్వకం అంటే ఏమిటో మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. డిపోకి స్థలం కావాలి, తీగలకి సబ్‌స్టేషన్లు కావాలి. ఇదంతా పెట్టాలంటే జనం లెక్క ఉండాలి. మెట్రోలైట్ అని ట్రామ్ లాంటి చిన్న మెట్రోకి కేంద్రం 2019లో పెట్టిన పద్ధతి గంటకి ఒక వైపు 15 వేల మంది దాకా పోయే దారులకి. ఒక్కో బస్సులో అరవై మంది చొప్పున నిమిషానికో బస్సు నడిపినా గంటకి 3,600 మందే అవుతారు. అంటే నిమిషానికో బస్సు పెట్టి, అది నిండిపోయి, జనం ఇంకా మిగిలిపోతే అప్పుడు ట్రామ్ అడగడంలో బలం ఉంటుంది. పెందుర్తి రోడ్డు మీద నిమిషానికో బస్సు వచ్చిన రోజు నాకు గుర్తు లేదు. వస్తే అందరం ఫొటో తీసుకుంటాం.

"బస్సులు లేవు కాబట్టి జనం ఆటోల్లో, బైకుల మీద పోతున్నారు, ఆ లెక్క నీ బస్సుల్లో కనపడదు" అన్నారు బావగారు. ఆ మాట నిజం. పొద్దున్న వేపగుంట జంక్షన్‌లో నిలబడితే షేర్ ఆటోల్లో ముందు సీట్లో కూడా ఇద్దరు వేలాడుతూ పోవడం కనిపిస్తుంది. పిల్లలకి ఇంటర్ అవగానే బండి కొంటున్నారు, ఈఎంఐ కట్టుకుంటూ. ఆ జనాన్ని లెక్కించాలి. లెక్కించడానికి కూడా ముందు మంచి బస్సు నడపాలి. నడిపితే ఎంతమంది బండి ఇంట్లో పెట్టి వస్తారో తెలుస్తుంది. ఊహ మీద పట్టా వేయడం కంటే అది చవక.

ఇంకొకటి. ట్రామ్ స్టాపు రోడ్డు మధ్యలో ఉంటుంది. మధ్యకి పోవాలంటే రోడ్డు దాటాలి. మా రోడ్డు దాటడం ఎంత పనో ఒకసారి చీకటి పడ్డాక చినముషిడివాడ దగ్గర నిలబడి చూడండి. ఒక పెద్దాయన చెయ్యి ఎత్తుకుని, దండం పెట్టుకుంటూ దాటతాడు రోజూ. సిగ్నల్ లేదు, ఎత్తుగా కట్టిన జీబ్రా లేదు, ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, అది లేనిచోట టిఫిన్ బండి ఉంటుంది. టిఫిన్ బండి వాళ్లని తోసేయమని నేను అడగను, పొద్దున్న నేను తినేది అక్కడే. వాళ్లకి చోటు చూపించి, నడిచేవాళ్లకి దారి ఇవ్వమంటున్నాను. మధ్యలో స్టాపు పెట్టిన ఏ పద్ధతైనా, బస్సైనా ట్రామైనా, ఈ దాటే దగ్గరే గెలుస్తుంది లేదా పోతుంది.

ఇంటి నుంచి మెయిన్ రోడ్డుకి రావడం ఇంకో కథ. పులగాలిపాలెం లోపల, చీమలాపల్లి లోపల, సబ్బవరం వైపు కొత్తగా వేసిన లేఅవుట్లలో ఉన్నవాళ్లకి మెయిన్ రోడ్డు మీద ట్రామ్ వచ్చినా బస్సు వచ్చినా అక్కడి దాకా రావడానికి ఆటోయే దిక్కు. 2017 మెట్రో విధానంలో కేంద్రం ఒక షరతు పెట్టింది. స్టేషన్‌కి రెండు వైపులా 5 కిలోమీటర్ల దాకా ఉన్నవాళ్లకి ఫీడర్ సర్వీసులు, అంటే స్టేషన్ దాకా తెచ్చి దింపే బస్సుల్లాంటివి, చూపిస్తామని ప్రాజెక్టు కాగితంలోనే మాట ఇవ్వాలని. ఎన్‌ఏడీ చుట్టూ ఐదు కిలోమీటర్లంటే గోపాలపట్నం పూర్తిగా వస్తుంది, వేపగుంట వైపు కూడా చాలా దూరం వస్తుంది. మరి ఆ ఫీడర్ బస్సులు ఏ రూట్లో, ఎన్ని నిమిషాలకొకటి, ఏ సంవత్సరం నుంచి? మెట్రో పని మొదలయ్యే రోజున మాకు ఆ కాగితం చూపించండి. ట్రామ్ పొడిగింపు కాగితం కంటే మాకు అది ముందు కావాలి.

రైలు అంటే గుర్తొచ్చింది. బావగారికి ఇష్టమైన సంగతి కాబట్టి ఆయన తరఫున కూడా అడుగుతున్నాను. మా పెందుర్తిలో రైల్వే స్టేషన్ ఉంది. విశాఖ నుంచి సింహాచలం నార్త్, పెందుర్తి, కొత్తవలస మీదుగా విజయనగరం పోయే లైను మీద. పట్టాలు ఉన్నాయి, కరెంటు ఉంది, ప్లాట్‌ఫారం ఉంది. పొద్దున్నా సాయంత్రం ఆఫీసు టైముకి సరిపడా లోకల్ మాత్రం లేదు. హైదరాబాద్‌లో 2003 నుంచి ఎంఎంటీఎస్ అనే లోకల్ రైలు నడుస్తోంది, టికెట్ కొని పోయేవాళ్లకి ఇప్పటికీ సిటీలో అంత చవక ప్రయాణం ఇంకోటి లేదు. గూడ్సు, దూరపు రైళ్ల ఒత్తిడి మన లైను మీద చాలా ఉందని బావగారే చెప్తారు, అందుకే తేలిక కాదని కూడా. కానీ విశాఖ కేంద్రంగా కొత్త రైల్వే జోన్ వచ్చాక కూడా పెందుర్తి మనిషి స్టేషన్ పక్కనుంచి నడిచి వెళ్లి ఆటో ఎక్కుతుంటే ఎవరికైనా ఎలా ఉంటుంది? కొత్త లైన్ల పని జరిగేటప్పుడు పొద్దున్న రెండు, సాయంత్రం రెండు లోకళ్లకి చోటు చూడమని మీరు రైల్వే వారిని అడగండి. మీరు అడిగితే ఉత్తరం, మేం అడిగితే వినతిపత్రం.

మా అత్తగారి సందేహం కూడా ఒకటి ఉంది, నవ్వకండి. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ జరుగుతుంది కదా, 32 కిలోమీటర్లు, లక్షల మంది. ఎన్‌ఏడీ, గోపాలపట్నం మీదుగానే నడుస్తారు. ఆ రాత్రి ట్రామ్ ఎక్కడ ఆగుతుంది, తీగలు ఎంత ఎత్తులో ఉంటాయి, పట్టాల సందులో చెప్పు లేని కాళ్లు ఇరుక్కుంటాయా అని ఆవిడ అడుగుతోంది. మీ ప్రాజెక్టు రిపోర్టులో ఆ రాత్రికి ఒక పేజీ ఉంటే ఆవిడకి చదివి వినిపిస్తాను.

ఇక నేను అడిగేది. ముందుగా, ఆ మధ్య దారి గట్లు తీయకండి. తీసేస్తే ట్రామ్‌కి దారి కొనాలంటే మళ్లీ ఎవరి ఇంటి గోడో పోవాలి. రెండు నెలల పాటు ఎన్‌ఏడీ నుంచి పెందుర్తి దాకా, పొద్దున్న ఏడు నుంచి పదకొండు, సాయంత్రం నాలుగు నుంచి తొమ్మిది, ఆ మధ్య దారిలో బస్సులు తప్ప ఇంకేం రాకుండా చూడండి. అంబులెన్సులు రావచ్చు. కనీసం ఐదు నిమిషాలకో బస్సు పెట్టండి. కాంప్లెక్స్ దాకా దిగకుండా పోయేవి సగమైనా ఉండాలి. స్టాపుల దగ్గర దాటడానికి రోడ్డుని కొంచెం ఎత్తు చేయండి, సిగ్నల్ పెట్టండి. మధ్య స్టాపుల్లో దిగడానికి బస్సుకి కుడి పక్కన కూడా తలుపు కావాలన్న ఇబ్బంది వస్తే తాత్కాలికంగా చెక్క ప్లాట్‌ఫారాలు వేసి స్టాపుని ఎటు కావాలంటే అటు జరపండి. ఇవేవీ కోట్ల పనులు కాదు. ఆ రెండు నెలల్లో ఎన్ని బస్సులు నిండాయి, ఎన్ని నిమిషాలు మిగిలాయి, ఎన్ని ప్రమాదాలు జరిగాయో లెక్క అందరికీ తెలిసేలా పెట్టండి.

ఆ లెక్కలో బస్సులు నిండిపోయి జనం మిగిలిపోతే మీ ట్రామ్ ప్రణాళిక బయటికి తీయండి. అప్పుడు కాలనీ కాగితం మీద నా సంతకమే కాదు, డాబాగార్డెన్స్‌లో నాతో పనిచేసే వాళ్ల సంతకాలు కూడా తెచ్చిస్తాను. నిండకపోతే ఎందుకు నిండలేదో బస్సులో ఎక్కి అడగండి. బస్సులో వాళ్లు నిజం చెప్తారు, మీటింగులో చెప్పరు.

సంఘం కాగితం ఇంకా మీకు చేరలేదు. మా పక్కింటి వాళ్ల బల్ల మీద ఉంది. పోయిన ఆదివారం బావగారు నా పేరు ఎదురుగా ఉన్న గడిని వేలితో చూపించి, "ఈ ఒక్కటే ఖాళీ" అన్నారు. ఆ గడి కింద చిన్న అక్షరాలతో 'మొదట బస్సు' అని రాసిచ్చాను. ఆయన చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఇది కూడా జతచేస్తాంలే అమ్మా" అన్నారు. అందుకే ఈ ఉత్తరం కూడా దానితో పాటే వస్తుంది.

ఇట్లు,
పెందుర్తి–కాంప్లెక్స్ బస్సులో రోజూ వచ్చే ఒక ప్రయాణికురాలు
సుజాతనగర్, విశాఖపట్నం